పదిహేడు మంది రాజ్యాంగం

మొన్న తొంభై ఎనిమిది డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం, డ్యూటీ దిగాక, ఖతర్‌లోని దోహాలో, అల్ దోహా అల్ జదీదా పేటలో ఒక మలయాళీ కాఫెటేరియాలో టీ తాగుతున్నాను. గోడ మీద టీవీలో ముందు బాగ్దాద్ మీద పడ్డ బాంబుల వార్త వచ్చింది. దాని వెనకే అమెరికా అధ్యక్షుడి మీద అక్కడి కింది సభలో ఓటింగు జరిగిన వార్త వచ్చింది. నా ఎదురుగా కూర్చున్న నిజామాబాద్ మేస్త్రీ నా వైపు తిరిగాడు.

“దింపేసిండ్రా ఏంది?”

“లేదు. కింది సభ నేరం మోపింది, అంతే. విచారణ పై సభలో. అక్కడ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే దిగుతాడు. అంతవరకూ కుర్చీ ఆయనదే.”

“అబ్బో. గింత తెలిసినోనివి ఈ సర్వే పనిల ఎందుకున్నవ్ మరి?” అని మేస్త్రీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ మాటలు నావి కావు. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో, ఎక్కడ ఆగాలో సహా అవి మా కంపెనీలో స్టోర్ కీపరుగా పనిచేసిన ఒక పెద్దమనిషివి. ఆయన ఆ వేసవిలోనే, రామచంద్రపురం దగ్గర వాళ్ళ ఊళ్ళో, గుండె ఆగి చనిపోయాడు. వాళ్ళమ్మాయి రాసిన ఉత్తరం నాకు నెల ఆలస్యంగా అందింది. అందులో నాలుగే వాక్యాలున్నాయి. నాలుగో వాక్యం: “మీ గురించి చెబుతుండేవారు.” ఏం చెబుతుండేవాడో రాయలేదు. అది తెలిస్తే బాగుండునని కొన్ని రోజులు అనిపిస్తుంది, తెలియకపోవడమే మేలని కొన్ని రోజులు.

ఆయన పేరు ఇక్కడ రాయను. అనుమతి లేకుండా కాగితం మీద ఒకరి పేరు రాయకూడదని ఆయనే అనేవాడు. నేను కృష్ణా జిల్లావాణ్ణి కాబట్టి ఆయన్ని బాబాయ్ అని పిలిచేవాణ్ణి. తెలంగాణవాళ్ళు స్టోర్ సారు అనేవారు.

సివిల్ డిప్లొమా చేతపట్టుకుని తొంభై మూడులో నేను ఇండస్ట్రియల్ ఏరియాలోని మా క్యాంపులో దిగాను. మర్నాడు సర్వే మేకుల కోసం స్టోర్‌కి వెళ్తే, ఆయన నా చేతిలోని చీటీ తీసుకుని, ముందు బల్ల తుడిచి, తర్వాత చదివాడు. ఏ సంగతి మీదైనా అభిప్రాయం చెప్పే ముందు బల్ల తుడవడం ఆయన అలవాటు. జేబులో రెండు పెన్నులుండేవి. నీలం పెన్ను సామాను ఇచ్చినప్పుడు, ఎర్ర పెన్ను లేదన్నప్పుడు. ఆ రోజు ఎర్ర పెన్ను తీశాడు.

“దీని మీద రెండు సంతకాలున్నాయి అబ్బాయ్. రెండూ నీవే.”

“ఇంజనీర్ గారు సైట్‌లో ఉన్నారండీ. ఆయనే పెట్టమన్నారు.”

“అడిగేవాడు వేరు, ఒప్పుకునేవాడు వేరు, ఇచ్చేవాడు వేరు. ముగ్గురూ ఒకడే అయితే ఇది స్టోరెందుకవుతుంది?” అని చీటీ వెనక్కి ఇచ్చాడు. నేను రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి సంతకం తెచ్చుకున్నాను. మేకులిచ్చాక చల్లని మంచినీళ్ళిచ్చి కూర్చోమన్నాడు. “కోపమొచ్చిందా? రావాలి. రేపు నీ పేరు మీద ఎవడైనా మేకులు పట్టుకుపోతే అప్పుడు తగ్గుతుంది” అన్నాడు. అప్పుడే బల్ల కిందినుంచి ఆ పుస్తకం తీసి చూపించాడు.

అది అమెరికాలో హైస్కూలు పిల్లలకు ప్రభుత్వం గురించి చెప్పే పాఠ్యపుస్తకం. ఐన్ ఖాలిద్‌లో ఒక అమెరికన్ కుటుంబం విల్లా ఖాళీ చేసి వెళ్తే, మా కంపెనీవాళ్ళు రిపేర్లకు వెళ్ళారు. చెత్తడబ్బా పక్కన అట్టపెట్టెలో దొరికింది. వాచ్‌మన్‌ని అడిగి తెచ్చుకుని, సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసుకున్నాడు. భోజనం తర్వాత రోజుకొక పేజీ, లైను కింద స్టీలు స్కేలు పెట్టుకుని చదివేవాడు. ఆ ఇంటి పిల్లాడెవడో మార్జిన్లలో పెన్సిలుతో నోట్సు రాసుకున్నాడు. బాబాయ్ వాటిని చెరపలేదు. ఒకచోట మాత్రం, చట్టాలు అధ్యక్షుడు చేస్తాడని ఆ పిల్లాడు రాసినచోట, ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన ‘సభ’ అని తెలుగులో దిద్దాడు.

ఒకసారి అడిగాను, అమెరికా వెళ్ళాలనుందా అని.

“ఎందుకు? గడియారం ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలంటే స్విట్జర్లాండ్ వెళ్ళాలా?” అన్నాడు.

ఆయన ‘అమెరికా’ అనేవాడే కాదు. ‘వాళ్ళు’ అనేవాడు. అక్కడి మేడలూ కార్లూ ఆయనకు పట్టవు. ఎవరి చేతిలో ఏ అధికారం ఉంది, దానికి అడ్డు ఎవరు, ఇవి రెండే ఆయనకు కావాలి. ఏ వార్త చెప్పినా మొదటి ప్రశ్న అదే: “దీనికి అడ్డు ఎవరు?” మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉంటాయని నేను విసుక్కున్నప్పుడు కూడా అదే అడిగాడు. అడ్డు ఎవరూ లేరన్నాను. “మరి? అందుకే అక్కడున్నాయి” అని బల్ల తుడిచాడు.

మా క్యాంపులో మూడు గదుల్లో పదిహేడు మంది తెలుగువాళ్ళం. ఒకటి తెలంగాణ గది, ఒకటి గోదావరి కృష్ణా గది, మూడోది కడపవాళ్ళూ మిగిలినవాళ్ళూ. అందరికీ కలిపి ఒకటే మెస్. వంటకు వంతులుండేవి. ఎవరి గొంతు పెద్దదైతే ఆ వారం కూర వాళ్ళది. నేను వెళ్ళిన ఏడాదే బాబాయ్ దానికి రాజ్యాంగం రాశాడు. శుక్రవారం మధ్యాహ్నం పదిహేడు మందీ కూర్చునే సభ, ఏం వండాలో తేల్చేది అది. దాన్ని అమలుచేసే మేనేజరు నెలకొకడు. తగాదాలు తీర్చడానికి ముగ్గురు. సభ ఒప్పుకున్నదాన్ని మేనేజరు వీటో చెయ్యొచ్చు. ఆ వీటోను సభ మూడింట రెండు వంతులతో కొట్టెయ్యొచ్చు.

“పదిహేడులో మూడింట రెండు వంతులంటే పదకొండు మందీ ఒక మనిషిలో మూడో వంతూ” అన్నాను. లెక్క తేలనిదే నాకు నిద్ర పట్టదు.

“మనిషిని కొయ్యలేం. పన్నెండు అని రాయి” అన్నాడు. అలా నేను సెక్రటరీనయ్యాను.

అన్నం, పప్పు, నూనె అందరివి. పచ్చడి ఏ గది ఇష్టం ఆ గదిది. పచ్చడి జోలికి సభ రాకూడదు. తెలంగాణ గదిలో షట్టరింగ్ కార్పెంటరు మల్లేశం ఉండేవాడు, మెత్తని మనిషి. అతను అడిగాడు: “గట్లెందుకు సారూ? పచ్చడి సుత అందరిది ఒక్కటే పెట్టుకుంటే అయిపాయె గద.”

“అప్పుడు ఎవరి కారం పెడతావు? కలిసుండాలంటే కొన్ని కలపకుండా ఉంచాలి మల్లేశం. వాళ్ళు యాభై రాష్ట్రాలకి అదే చేశారు.”

క్యాంప్ బాస్ దీన్ని ‘పార్లమెంట్’ అని వెక్కిరించేవాడు. బాబాయ్‌కి వెక్కిరింత పట్టేది కాదు, తప్పు పట్టేది. “పార్లమెంటు కాదు సార్. పార్లమెంటులో సభలోవాడే మంత్రి అవుతాడు. మా దగ్గర సభకు పెద్ద వేరు, మేనేజరు వేరు” అని హిందీలో ఓపికగా చెప్పేవాడు.

ఆయనకు ఎండుచేపలంటే ప్రాణం. ఒక నెల మేనేజరు, గది కంపు కొడుతుందని, ఎండుచేపల కూరను వీటో చేశాడు. గోదావరి గది పట్టుబట్టి ఓటింగు పెట్టించింది. సభకు పెద్ద బాబాయే. రూళ్ళ మార్పులో తప్ప, పెద్దకు ఓటు సరిసమానమైతేనే. చేతులు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. “పదకొండు. వీగిపోయింది” అన్నాడు.

“బాబాయ్, మీకూ కావాలిగా” అన్నాను తర్వాత.

“కావాలి. అందుకే రెండుసార్లు లెక్కపెట్టాను.”

ఇంకో రోజు గుర్తుంది. ఆ పుస్తకంలో ఒకచోట, బానిసలుగా ఉన్న మనిషిని జనాభా లెక్కలో ఐదింట మూడు వంతులుగా లెక్కేశారని చదివాడు. ఆ రోజు పుస్తకం మూసి వారం రోజులు తెరవలేదు. శుక్రవారం మాకు చెప్పాడు. మల్లేశం మెల్లగా అడిగాడు, “మరి మనల్ని ఎంత లెక్కేస్తుండ్రు సారూ?” బాబాయ్ ముందున్న చాప తుడిచాడు. “వాళ్ళు ఆ పేజీ చించెయ్యలేదు. దిద్దుకున్నారు. చాలా ఆలస్యంగా, చాలా రక్తం పోయాక దిద్దుకున్నారు. కానీ దిద్దుకునే దారి ముందే పెట్టుకున్నారు” అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు ఆ పుస్తకం గురించి ఆయన నోట నేను వినలేదు.

ఇక నేను చేసినదాని గురించి.

కడప ఓబులేసు ప్లంబరు. వంట వంతు వస్తే అతనికి ఏదో ఒక ఆపద వచ్చేది. ఒక శుక్రవారం సభ మధ్యలో జేబులోంచి ఉత్తరం తీశాడు. “మా అవ్వ సచ్చిపోయినాది సారూ. నాకు చెయ్యి ఆడ్డంల్యా. ఈ వారం నన్ను ఇడిసిపెట్టండి.” తగాదాలు తీర్చే ముగ్గురిలో ఒకాయన కవరు తిప్పి చూశాడు. దాని మీద ఖతర్ స్టాంపుంది. “అవ్వ యాడ పోయింది ఓబులేసూ, దోహాలోనా?” అన్నాడు. అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. ఓబులేసు కూడా నవ్వాడు. ఆ వారం వంటా చేశాడు, ఉప్పు లేకుండా.

నవ్వయ్యాక నేనొక రూలు ప్రతిపాదించాను. శుక్రవారం సభలో ఎవరికి సంబంధించిన సంగతైనా, గురువారం సాయంత్రం లోపల కాగితం మీద సెక్రటరీకి అందాలి. అందని సంగతి సభలో ఎవరూ ఎత్తకూడదు. ముందు కాగితం, తర్వాత నోరు.

బాబాయ్ చేత్తో చాప తుడిచాడు. “గడువుకి కళ్ళుండవు అబ్బాయ్.”

“కళ్ళు లేకపోవడమే కదా బాబాయ్ న్యాయం. మీరు చెప్పిందే.”

ఆయన నా వైపు చూశాడు, నేర్పినవాడికి నేర్చుకున్నవాడు ఎదురుచెప్పినప్పుడు ఉండే సంతోషంతో. చేతులన్నీ లేచాయి. ఆయనది ఆఖరున లేచింది.

తొంభై ఐదు వేసవిలో మా ప్రాజెక్టు అప్పగింత దగ్గరపడింది. లీవులన్నీ ఆపేశారు. సరిగ్గా అప్పుడే రెండు సంగతులు వచ్చాయి. బాబాయ్ వాళ్ళావిడ కాకినాడలో ఆసుపత్రిలో చేరింది. లివర్ జబ్బు. వాళ్ళమ్మాయి ఉత్తరం రాసింది. ఆ వారమే, బుధవారం, మల్లేశానికి టెలిగ్రాం వచ్చింది. తండ్రి చనిపోయాడు. పెద్దకొడుకు అతనే.

ఇద్దరూ ఎమర్జెన్సీ లీవు అడిగారు. క్యాంప్ బాస్ నన్ను పిలిచాడు. “మీ బ్లాకునుంచి ఒక్కడికే. రెండోవాడు అప్పగింత అయ్యాకే. తుమ్ లోగోంకా పార్లమెంట్ హై నా? ఎవరో తేల్చి శనివారం పేరు చెప్పు, సంతకం పెడతాను” అన్నాడు.

మల్లేశానికి రాయడం రాదు. అతని కాగితం నేనే రాశాను. బాబాయ్ తన కాగితం గురువారం మధ్యాహ్నమే ఇచ్చాడు. కూతురి ఉత్తరం పిన్నుతో గుచ్చి ఉంది. అది పద్దెనిమిది రోజుల కిందటిది. “అమ్మకి తగ్గుతోంది, మళ్ళీ వస్తోంది” అని ఉంది.

శుక్రవారం ఉదయం బాబాయ్ ఎప్పటిలాగే అల్ దోహా అల్ జదీదాలో తెలిసిన క్రైస్తవుల ఇంటికి ప్రార్థనకు వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చాడు. సభ మొదలయ్యే ముందు, “నా సంగతికి నేను పెద్దగా ఉండకూడదు. నువ్వు కూర్చో” అని తన చోటు నాకిచ్చాడు. వెళ్ళి గోడ పక్కన నూనె డబ్బా మీద కూర్చున్నాడు. ఆయనకీ మల్లేశానికీ ఓటు లేదు. పెద్ద చోట ఉన్న నాకు, సరిసమానమైతేనే ఓటు.

నేను రెండు కాగితాలూ చదివాను. చదవడం అవుతుండగానే మల్లేశం లేచి నిలబడ్డాడు.

“నేనొక్క మాట చెప్త తమ్మీ.”

“నిన్న రాయించిన దాంట్లో ఉందా ఆ మాట?”

“లేదు. రాత్రి అనుకున్న.”

“అయితే కుదరదు. కూర్చో.”

అతను బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ నేల చూస్తున్నాడు. మల్లేశం కూర్చున్నాడు.

ఏడు చేతులు ఇటు. ఏడు చేతులు అటు.

నేను నోటు పుస్తకంలో నిలువు గీత గీశాను. ఎడమ పక్కన: మరణం, ఖాయం, టెలిగ్రాం, పదకొండో రోజు దినాలు, ఆ తేదీ దాటితే కుదరదు. కుడి పక్కన: జబ్బు, పద్దెనిమిది రోజుల కిందటి ఉత్తరం, తగ్గుతోంది, ఇంకా సమయం ఉండవచ్చు. గీతకు ఎడమ పక్క బరువుగా కనిపించింది. మల్లేశానికి వేశాను.

బాబాయ్ లేచి మల్లేశం భుజం తట్టాడు. అతని లీవు ఫారం ఆయనే ఇంగ్లీషులో నింపాడు. నా పక్కనుంచి వెళ్తూ, “చూశావా, జిల్లాలవారీగా పోలేదు ఓట్లు. ఇద్దరు తెలంగాణవాళ్ళు నాకు వేశారు, ముగ్గురు మనవాళ్ళు అతనికి వేశారు” అన్నాడు. నిజంగా సంతోషించే అన్నాడు. నేనూ మేం గొప్ప పని చేశామనుకున్నాను.

ఆదివారం మల్లేశాన్ని బస్సు దాకా దింపడానికి వెళ్ళాను. సంచి చేతికిస్తుంటే చెప్పాడు.

“నాయిన ఎట్లనో పాయె తమ్మీ. నేను పోతే లేస్తడా? సారును పంపుండ్రి, నా తమ్ముడు చేస్తడు దినాలు అని చెప్దామనుకున్న ఆనాడు. నువ్వు కూసోమంటివి.”

“ఇప్పుడు చెప్పొచ్చుగా. ఆఫీసుకు వెళ్దాం పద.”

“సారును నిన్ననే అడిగిన. సభ తేల్చినంక నువ్వు మార్చొద్దు, నేను మార్చొద్దు అన్నడు. టికెట్టు సుత ఆయననే తెచ్చి చేతుల పెట్టిండు.”

బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఆ మరుసటి గురువారం పొద్దున్న మేకుల కోసం స్టోర్‌కి వెళ్ళాను. బాబాయ్ చీటీ చూశాడు, రెండు సంతకాలూ చూశాడు, నీలం పెన్నుతో రాసుకున్నాడు, మేకులు లెక్కపెట్టి ఇచ్చాడు. తర్వాత బల్ల తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

“ఆవిడ పోయిందయ్యా. నిన్న పొద్దున్న. నిన్న సాయంత్రమే సమాధి చేసేశారంట. ఎండలు కదా, ఉంచలేరు.”

వెళ్ళండి, ఇప్పుడైనా అడుగుతాను అన్నాను. “ఇప్పుడెందుకు” అన్నాడు. జేబులో పెన్నుల వెనక నుంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన రాతే. ప్రార్థనకు వెళ్ళిన ఇంట్లో ఫోను ఉంది. వాళ్ళ బావమరిది దానికి చేశాడు. చెప్పింది చెప్పినట్టు, అలవాటు ప్రకారం సమయంతో సహా రాసుకున్నాడు: ‘శుక్రవారం ఉదయం 10-20. డాక్టర్లు వారం కంటే చెప్పలేమన్నారు. నీ పేరే అడుగుతోంది. బయల్దేరు బావా.’

సభ జరిగింది శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి. ఈ కాగితం జేబులో పెట్టుకునే ఆయన నూనె డబ్బా మీద కూర్చున్నాడు.

“ఎందుకివ్వలేదు బాబాయ్?”

“శుక్రవారం వచ్చింది. గడువు గురువారం.”

“పెద్ద చోట కూర్చున్నది నేను. నాకొక్క మాట చెబితే...”

“చెబితే నువ్వు ఒప్పుకునేవాడివి” అన్నాడు. “అదే నా భయం. మల్లేశాన్ని కూర్చోబెట్టి, నన్ను లేపి నిలబెట్టేవాడివి. రాయడం రానివాడికి ఒక గడువు, స్టోర్ సారుకి ఒక గడువు.”

“మల్లేశం మీకే ఇద్దామని లేచాడు.”

“తర్వాత చెప్పాడు. అప్పుడు నాకు తెలీదు కదా” అన్నాడు. బల్ల మీది కాగితం మళ్ళీ మడిచాడు. “అతనూ నేనూ ఒకే మాట పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నామయ్యా.”

బయట ఫోర్‌మన్ హారను కొడుతున్నాడు. “వెళ్ళు, లెవెల్ మిషను ఎండలో ఉంటే పాడవుతుంది” అన్నాడు.

శుక్రవారం సభ ఉండదనుకున్నాం. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, రెండింటికి వచ్చి తన చోట కూర్చున్నాడు. మల్లేశం లేడు కాబట్టి పదహారు మందిమి. గురువారం సాయంత్రమే నాకొక కాగితం ఇచ్చి ఉన్నాడు, సవరణ అని. దాన్ని ఆయనే చదివాడు: ప్రాణానికి సంబంధించిన కబురు ఎప్పుడొచ్చినా, ఏ రూపంలో వచ్చినా, నోటిమాటగా వచ్చినా సరే, గడువుతో పని లేకుండా సభ వినాలి. చెప్పదలచినవాణ్ణి ఎవరూ కూర్చోబెట్టకూడదు.

“రూలు మార్చాలంటే పన్నెండు కావాలి. చేతులెత్తండి” అన్నాడు.

పదహారు చేతులు లేచాయి. ఆయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎవరికీ చెయ్యి దించబుద్ధి కాలేదు. లెక్కయ్యాక కూడా అలాగే ఉంచాం.

ఓబులేసు అడిగాడు, ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుస్తాడేమో అన్నట్టు: “సారూ, ఇది ఎప్పటి నుంచి లెక్క?”

“ఈ రోజు నుంచి.” ఆయన ఎదురుగా ఉన్న చాపను అరచేత్తో ఒకసారి తుడిచాడు. “చట్టం వెనక్కి నడవకూడదు. పుస్తకంలో వాళ్ళు అది మొదట్లోనే రాసుకున్నారు. జరిగిపోయినదానికి ఇది వర్తించదు. ఆ ముక్క కూడా రాసుకో అబ్బాయ్.”

రాశాను. చదవమన్నాడు. ‘వర్తించదు’ దగ్గర ఆగిపోయాను. ఆ మాట ఆయనే పూర్తిచేశాడు.

“తేదీ వేశావా?”

“వేశాను బాబాయ్.”

“సరే. తర్వాతి సంగతి చదువు” అన్నాడు.